ముందు రేడియేటర్లు కొలవక్కా

మా అక్కా బావా మసాచుసెట్స్‌లో వూస్టర్ దగ్గర ఒక ఊళ్లో పాత ఇల్లు కొన్నారు. 1890ల్లో కట్టిన చెక్క ఇల్లు. ఎత్తైన సీలింగులు, పొడుగాటి కిటికీలు, ప్రతి గదిలో గదిని వేడిచేసే నడుము ఎత్తు పోత ఇనుము రేడియేటరు, కింద సెల్లార్‌లో వాటికి ఆవిరి పంపే, ఆయిల్‌తో మండే స్టీమ్ బాయిలరు. ఈ చలికాలంలో, బయట రాత్రిపూట మైనస్ 15 డిగ్రీలు ఉన్న వారంలో ఆ బాయిలర్ పోయింది. దాన్ని తీసి కొత్తది పెట్టించే పనంతా నేను చిత్తూరులో ఉండి ఫోన్‌లో వెంటబడి చేయించాను. నేను ఇక్కడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకుంటాను. మాకు పని అంతా తోతాపురి కాయ దిగే జూన్, జూలైల్లో. చలికాలంలో బాయిలర్ ఆపేసి, విప్పి, మసి గీకి, ఇన్‌స్పెక్టర్‌కి చూపించుకోవడానికి సిద్ధం చేసుకుంటూ ఉంటాం కాబట్టి అక్క ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తగలిగాను. అక్కడ రాత్రి తొమ్మిదంటే మనకు మరుసటి రోజు పొద్దున ఏడున్నర.

మనవాళ్లు చాలామంది ఇప్పుడు అటువైపు పాత ఇళ్లు కొంటున్నారు. ఇల్లు చూసినప్పుడు వంటిల్లు, బాత్రూములు, బళ్లు ఎంత దూరం అని చూస్తారు గానీ కింద సెల్లార్‌లో ఏముందో పట్టించుకోరు. ఉన్నది స్టీమ్ అయితే మాత్రం కచ్చితంగా పట్టించుకోవాలి. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మొదట అక్క చెప్పిన మాట ఇది: "రేయ్, గాజు గొట్టంలో నీళ్లు రోజూ తగ్గిపోతున్నాయి, పొద్దున లేవగానే పోస్తున్నా, ఎక్కడికి పోతున్నాయో తెలీడం లేదు, కింద నేల మాత్రం పొడిగా ఉంది." ఆ గాజు గొట్టంలో, అంటే నీటి మట్టం చూపించే గేజ్ గ్లాస్‌లో నీళ్లు తగ్గుతూ, నేల మీద చుక్క కనిపించలేదంటే బాయిలర్ మనిషికి వెంటనే ఒక అనుమానం వస్తుంది. బయటికెళ్లి పొగగొట్టం చూడమన్నాను. దట్టంగా తెల్లటి ఆవిరి వస్తోంది. లోపల పోత ఇనుము సెక్షన్‌లో (బాయిలర్ ఇలాంటి భాగాలు కలిపి బిగించిందే), నీటి మట్టానికి పైన, ఎక్కడో పగులు ఉందన్నమాట. ఆవిరి గదుల్లోకి వెళ్లకుండా ఆ పగులులోంచి మంటవైపు దూరి పొగగొట్టంలోంచి ఆకాశంలోకి పోతోంది. తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. బర్నర్ ఆపి, బాయిలర్ బాగా చల్లారాక, మామూలు మట్టం దాటి పైదాకా నీళ్లు నింపి కాసేపు ఆగాలి. వేడి మీద ఉన్న పోత ఇనుములో చన్నీళ్లు పోస్తే ఉన్న పగులు పెద్దదవుతుంది, కొత్తది కూడా వస్తుంది కాబట్టి చల్లారేదాకా ఆగడం ముఖ్యం. బావ ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో ఫోను పట్టుకుని బర్నర్ తలుపు దగ్గర కూర్చున్నాడు. కొంతసేపటికి తలుపు కింది అంచునుంచి ఎర్రమట్టి రంగు నీళ్లు సన్నగా కారడం మొదలైంది. దానికి అతుకు వేసి లాభం లేదు. బాయిలర్ మార్చాల్సిందే.

అసలు ఆ పగులు ఎందుకు వచ్చిందో కూడా ఆ రంగే చెప్తోంది. ఆవిరి సిస్టమ్‌లో నీళ్లు తిరిగి తిరిగి అవే రావాలి. బాయిలర్‌లో కాగి, ఆవిరై పైకి వెళ్లి, రేడియేటర్‌లో చల్లబడి నీరై, మళ్లీ కిందికి రావాలి. ఎక్కడో చిన్న లీకు ఉండి రోజూ కొత్త నీళ్లు పోస్తూ ఉంటే ఆ నీళ్లతో పాటు ఆక్సిజన్ కూడా లోపలికి వెళ్లి ఇనుమును తినేస్తుంది. మా ఫ్యాక్టరీలో ఫీడ్ వాటర్‌కి రోజూ పరీక్షలు చేసేది ఇందుకే. ఇంట్లో ఎవరు చేస్తారు? పాత యజమానులు ఎన్నేళ్లు అలా పోస్తూ వచ్చారో.

కొత్తది వచ్చేదాకా ఎలా బతకాలన్నది ఇంకో సమస్య. మనుషులు రగ్గులు కప్పుకుంటారు, నీళ్ల పైపులు కప్పుకోలేవు కదా. గోడల్లో నీళ్లు గడ్డకట్టి పైపు పగిలితే బాయిలర్ ఖర్చుకి రెండింతలు ఇంటికి పెట్టాలి. అక్కా వాళ్లు ఎలక్ట్రిక్ హీటర్లు తెచ్చుకున్నారు. అక్కడ కరెంటు 120 వోల్టులు, ఒక్కో హీటరు 1500 వాట్లు, పాత ఇంట్లో ఒక సర్క్యూట్ మీద ఒకటి మించి పెడితే బ్రేకర్ పడిపోతుంది. అందుకని ఒక్క గదిలోనే అందరూ పడుకోవడం, బయటి గోడకున్న కుళాయిలు సన్నధారగా వదిలేయడం, సింకు కింద అల్మరా తలుపులు తెరిచి ఉంచడం. బావ వాళ్లమ్మ పుత్తూరు నుంచి వెళ్లి అక్కడే ఉంది పాపం. మంకీ క్యాప్, రెండు స్వెటర్లు, పైన శాలువా, అయినా వేళ్లు కొంకర్లు పోతున్నాయని వీడియోలో చూపించింది. ఇక్కడ మా అమ్మకి అది చూసి నిద్ర లేదు. "అంత డబ్బు పోసి చలి కొనుక్కున్నారా" అని నన్నే అడుగుతుంది.

ఈ టెన్షన్‌లోనే మనుషులు తొందరపడి ఎవరు ముందొస్తే వాళ్లకి పని ఇచ్చేస్తారు. మొదట వచ్చిన కాంట్రాక్టరు సెల్లార్‌లోకి దిగి, పాత బాయిలర్ మీదున్న ప్లేటు చదివి, అదే సైజుది పెడతానని ధర చెప్పి వెళ్లిపోయాడు. పైకి ఎక్కి ఒక్క గది కూడా చూడలేదు. రెండో ఆయన స్టీమ్ అంటేనే మొహం చిట్లించాడట, మొత్తం పీకేసి వేడినీళ్ల సిస్టమ్ పెట్టుకోమన్నాడు. బావకి ఆ మాట నచ్చింది కూడా. నేను వద్దన్నాను. అక్కా వాళ్లది ఒకే పైపు పద్ధతి. ఒక్కో రేడియేటర్‌కి ఒకే ఒక పైపు, ఆవిరి అందులోనే పైకి వెళ్తుంది, నీరు అందులోనే కిందికి జారుతుంది. వేడినీళ్లు తిప్పాలంటే ప్రతి రేడియేటర్‌కి రాకకి ఒకటి, పోకకి ఒకటి కావాలి. అంటే 130 ఏళ్ల నాటి గోడలూ చెక్క నేలలూ పగలగొట్టాలి. పైగా ఆ రేడియేటర్లు పుట్టినప్పటినుంచి అతి తక్కువ ప్రెషర్ చూసినవి, వేడినీళ్ల సిస్టమ్‌లో 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పైన ఉంటుంది, ఆ పాత అతుకులన్నీ దానికి తట్టుకుంటాయన్న నమ్మకం లేదు. హీట్ పంపు, అంటే ఏసీని తిరగేసినట్టు బయటి వేడిని లోపలికి తోసే మిషను, దాని సంగతి కూడా మాట్లాడుకున్నాం. వాళ్లది పాత ఇళ్లను కాపాడే ప్రాంతం, రోడ్డుకి కనిపించేలా బయట ఏ మార్పు చేయాలన్నా కమిటీ అనుమతి కావాలి, కరెంటు బోర్డు మార్చాలి. చలి నడుమ అయ్యే పని కాదు.

మూడో ఆయన వయసులో పెద్దాయన. వచ్చీ రాగానే సెల్లార్‌లోకి పోకుండా, రేడియేటర్లు ఎక్కడెక్కడ ఉన్నాయి అని అడిగాడట. అక్క ఆ మాట చెప్పగానే, ఈయనకే ఇవ్వండి అన్నాను. ఎందుకంటే అంతకు ముందురోజే నేను అక్కతో అదే పని చేయించాను: ముందు రేడియేటర్లు కొలవక్కా, బాయిలర్ సంగతి తర్వాత.

స్టీమ్ బాయిలర్‌ని ఇంటి చదరపు అడుగులు చూసి ఎంచుకోకూడదు, పాత బాయిలర్ ప్లేటు చూసి అసలే ఎంచుకోకూడదు. ఇంట్లో ఉన్న రేడియేటర్లు అన్నీ కలిపి ఎంత ఆవిరిని నీరుగా మార్చగలవో, సరిగ్గా అంత ఆవిరి ఇచ్చే బాయిలర్ కావాలి. ఈ లెక్క పాతకాలం నుంచి ఉంది, కష్టమేమీ కాదు. ప్రతి రేడియేటర్‌కి సెక్షన్లు ఎన్ని, పక్కనుంచి చూస్తే ఒక్కో సెక్షన్‌లో నిలువు గొట్టాలు ఎన్ని, ఎత్తు ఎంత అని రాసుకుని పట్టిక చూసుకోవడమే. మూడు గొట్టాల, 38 అంగుళాల ఎత్తు సెక్షన్ ఒకటి 5 చదరపు అడుగుల రేడియేషన్ (వేడిని వదిలే ఉపరితలం) కింద లెక్క. ఒక్కో చదరపు అడుగు గంటకి 240 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) వేడి ఇస్తుంది. అలాంటివి పది సెక్షన్లున్న రేడియేటర్ అంటే 50 చదరపు అడుగులు, గంటకి 12,000 బీటీయూ. మనం ఇంట్లో పెట్టుకునే ఒక టన్ను ఏసీ ఎంత వేడిని బయటికి తోస్తుందో, ఆ ఒక్క రేడియేటర్ అంత వేడిని గదిలోకి ఇస్తుంది. మా మేనకోడలు నోటుబుక్కు పట్టుకుని గది గదికీ తిరిగి, ఒక్కో సెక్షన్‌నీ వేలితో తాకుతూ పైకి లెక్కపెట్టి రాసింది. ఇంటి మొత్తానికి 380 చదరపు అడుగులు తేలింది. పాత బాయిలర్ ప్లేటు మీద ఉన్నది 725.

దాదాపు రెండింతలు! ఆ ప్లేటు చదివి అదే సైజు పెట్టించి ఉంటే, ఇంకో పాతికేళ్లు వాళ్లు అనవసరంగా ఆయిల్ తగలేసేవాళ్లు. బాయిలర్ పెద్దదైతే ఏమవుతుందంటే, రేడియేటర్లు తీసుకోలేనంత ఆవిరి పుడుతుంది, ప్రెషర్ టక్కున పెరిగి బర్నర్ ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ ఆగుతుంది. ఇల్లు సమంగా వేడెక్కదు, సామాను తొందరగా అరిగిపోతుంది. పైపులు వేడెక్కడానికి పోయే వేడికోసం కూడా కాస్త ఎక్కువ తీసుకుందాం అని కొందరు కలుపుతారు. ప్లేటు మీద నెట్ రేటింగ్ అని చదరపు అడుగుల్లో రాసినదాంట్లో దానికోసం 33 శాతం అదనం ముందే లెక్కలోకి తీసుకుని ఉంటారు. మళ్లీ కలపక్కర్లేదు. 380కి కాస్త పైనున్న సైజు తీసుకున్నారు.

ఇక ప్రెషర్. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లకి స్టీమ్ అంటే ప్రెషరే. మా బాయిలర్ చదరపు సెంటీమీటరుకి 10 కేజీల మీద నడుస్తుంది. అక్కా వాళ్ల బాయిలర్ 1.5 పీఎస్ఐ దగ్గర ఆగిపోయి అర పీఎస్ఐకి పడినప్పుడు మళ్లీ అంటుకోవాలి. మన లెక్కలో చెప్తే కేజీలో పదో వంతు. ఇంత తక్కువలో మూడంతస్తులకి ఆవిరి ఎలా ఎక్కుతుందని బావ అనుమానం. ఇడ్లీ పాత్రకి వెయిట్ ఉండదు, మూత సందుల్లోంచి ఆవిరి పోతూనే ఉంటుంది, అయినా పై ప్లేటు ఇడ్లీ కూడా ఉడుకుతుంది కదా బావా అన్నాను. నీరు ఆవిరైతే 1600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. చల్లటి ఇనుము తగలగానే మళ్లీ నీరైపోయి ఖాళీ వదులుతుంది, ఆ ఖాళీలోకి వెనకాల ఆవిరి పరుగెత్తుకొస్తుంది. తోసేవాళ్లు అక్కర్లేదు. ఒక కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు దాదాపు 540 కిలో కేలరీలు ఇచ్చేస్తుంది, గదిని వేడి చేసేది అదే. చెప్తే చాలామంది నమ్మరు గానీ ప్రెషర్ పెంచేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది, 10 కేజీల దగ్గర 480 ప్రాంతంలో ఉంటుంది. మాకు గుజ్జు కాచడానికి పైపుల్లో దూరం పోవాలి, ఎక్కువ ఉష్ణోగ్రత కావాలి కాబట్టి ప్రెషర్ కావాలి. ఇంటికి అవసరం లేదు. పై అంతస్తు వేడెక్కడం లేదని కంట్రోల్ తిప్పి ప్రెషర్ పెంచే మెకానిక్ వస్తే చెయ్యి పట్టుకుని ఆపండి.

పై అంతస్తు వేడెక్కకపోవడానికి అసలు కారణం గాలి. బాయిలర్ ఆగి ఉన్నప్పుడు పైపులన్నీ గాలితో నిండి ఉంటాయి, ఆ గాలి బయటికి పోతేనే ఆవిరికి చోటు. దానికోసం ప్రతి రేడియేటర్‌కి చిన్న వెంట్, సెల్లార్‌లో పెద్ద పైపు చివర పెద్ద వెంట్ ఉంటాయి. గాలిని వదిలి, ఆవిరి తగలగానే మూసుకోవాలి. అక్కా వాళ్ల సెల్లార్‌లో ఆ పెద్ద వెంట్ మీద ఎవరో గోడతో పాటు సున్నం కొట్టేశారు! తీసి నోటితో ఊదితే గాలి కదల్లేదు. అది మార్చడం ఈ పని మొత్తంలో అతి చవకైనది, ఫలితం మాత్రం అందరికీ కనిపించింది.

కొత్త బాయిలర్ చుట్టూ వేసే పైపుల దగ్గర నేను మొండికేశాను. బాయిలర్‌లోంచి వచ్చేది పొడి ఆవిరి అయి ఉండాలి. నీటి తుంపరలు కూడా పైకి పోతే వేడి తగ్గుతుంది, పైపుల్లో మోత మొదలవుతుంది. అందుకే బాయిలర్ నీటి మట్టానికి 24 అంగుళాల పైన లావుపాటి హెడర్ అడ్డంగా వేసి, తుంపరలు విడిపోయి వెనక్కి దిగిపోయేలా ఇంకో పైపు కిందికి దించుతారు. కంపెనీ మాన్యువల్‌లోనే బొమ్మ ఉంటుంది. ఇనుప పైపుకి మరలు కోసి బిగించాలంటే ఒళ్లు నొచ్చే పని కాబట్టి చాలాచోట్ల టంకం వేసిన రాగి పైపు సన్నగా వేసేస్తారు. పెద్దాయన కింద పనిచేసే కుర్రాడు అదే మొదలెట్టబోయాడు. అక్క ఆ బొమ్మ ప్రింటు తీసి గోడకి అంటించింది. పెద్దాయన సంతోషంగా, ఇనుముతోనే చేద్దాం అన్నాడట.

ఆ కిందికి దిగిన పైపుకి, రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే పైపుని నీటి మట్టానికి రెండు మూడు అంగుళాల కిందే కలుపుతారు. దీన్ని హార్ట్‌ఫర్డ్ లూప్ అంటారు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లోని బాయిలర్ ఇన్సూరెన్స్ కంపెనీ 1919 ప్రాంతంలో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. నేల మీద పాకే రిటర్న్ పైపు ఎక్కడైనా తుప్పు పట్టి పగిలినా, బాయిలర్‌లో నీళ్లు ఆ అతుకు దాకానే దిగి ఆగిపోతాయి, ఖాళీ అయిపోవు. బొగ్గు మండే రోజుల్లో ఇప్పటిలా తనంతట తాను ఆగే బర్నర్ లేదు, నీళ్లు పోయినా మంట మండుతూనే ఉండేది. ఒట్టి బాయిలర్ కింద మంట అంటే ఏమిటో నాకు ట్రైనింగ్‌లో మొదటిరోజే చెప్పారు. కారణం ఏదైనా, బాయిలర్ పేలితే ఎంత ఘోరమో చూడండి: మసాచుసెట్స్‌లోనే బ్రాక్టన్ అనే ఊళ్లో 1905 మార్చి 20న గ్రోవర్ చెప్పుల ఫ్యాక్టరీలో, కొత్త బాయిలర్ రిపేరులో ఉందని పాతదాన్ని వెలిగిస్తే అది పేలి పైకప్పు చీల్చుకుని పోయింది. భవనం కూలి, అంటుకుని, 58 మంది చనిపోయారు. 1907లో ఆ రాష్ట్రం బాయిలర్లకి చట్టం తెచ్చింది. మనకి కలకత్తాలో 1863లో బాయిలర్ పేలాక మరుసటి ఏడే బెంగాల్‌లో చట్టం వచ్చింది, దేశమంతటికీ 1923లో. ప్రతి ఏడూ ఇన్‌స్పెక్టర్ వచ్చి సుత్తితో కొట్టి చూసినప్పుడు మా కుర్రాళ్లు విసుక్కుంటారు. విసుక్కోకూడదు. దాని వెనక ఎంతమంది ప్రాణాలు ఉన్నాయో వాళ్లకి నేను చెప్తూనే ఉంటాను.

కొత్త బాయిలర్ వెలిగించిన రాత్రి గేజ్ గ్లాస్‌లో నీళ్లు పిచ్చిపట్టినట్టు ఎగిరాయి, పైకీ కిందికీ రెండేసి అంగుళాలు. అక్కకి భయం వేసింది. అది కొత్త పైపులకి మరలు కోసినప్పుడు వాడిన నూనె. నీటి మీద తెట్టులా తేలి, నీళ్లు నురగతో పొంగేలా చేస్తుంది. అడుగునుంచి నీళ్లు వదిలితే పోదు, పైనుంచే తీయాలి. నీటి మట్టం దగ్గర పక్కన ఒక రంధ్రం ఉంటుంది, దానికి పైపు బిగించి, నీళ్లు వేడిగా ఉండి మరగకుండా చూసుకుంటూ, పెన్సిల్ లావు ధారగా గంటలకొద్దీ వదలాలి. బావ బకెట్లు మారుస్తూ కూర్చున్నాడు. మొదటి బకెట్లలో నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల్లో నూనె మెరుస్తూ కనిపించింది, పోను పోను పలచబడింది. ఇలా ఒకసారి చేసి వారం తర్వాత మళ్లీ చేశాక గ్లాసులో నీళ్లు నిలకడగా నిలబడ్డాయి. చాలామంది కాంట్రాక్టర్లు ఈ పని చేయకుండానే బిల్లు తీసుకుని వెళ్లిపోతారు, గట్టిగా అడిగి చేయించుకోండి.

ఇంకోటి మోత. ఆ ఇల్లు కొన్నప్పటినుంచీ రాత్రిపూట గోడలో సుత్తితో కొట్టినట్టు ఢాం ఢాం అని వినిపించేది, బావ వాళ్లమ్మ అయితే ఇంట్లో ఏదో ఉందని దిష్టి కూడా తీయించింది. పైపులో ఎక్కడో నీళ్లు నిలిచిపోయి, దాని మీద నుంచి దూసుకొచ్చే ఆవిరి ఆ నీటి ముద్దని ఎత్తి వంపు దగ్గర కొడుతుంది. వాటం సరిచేస్తే ఆగిపోతుంది. సెల్లార్‌లో ఒకచోట పైపుని పట్టుకునే ఇనుప పట్టీ తెగి మధ్యలో వంగి ఉంది, దాన్ని ఎత్తి కట్టారు. రెండు గదుల్లో రేడియేటర్ల వాటం వాల్వ్ వైపు కాకుండా అవతలికి ఉంది, అవతలి కాళ్ల కింద పలచటి చెక్క ముక్కలు పెట్టారు. పిల్లల గదిలో వాల్వ్ సగం మూసి ఉంది, వేడి ఎక్కువైందని ఎవరో తిప్పారు. ఒకే పైపు పద్ధతిలో వాల్వ్ పూర్తిగా తెరవాలి లేదా పూర్తిగా మూయాలి, సగంలో పెడితే లోపలి నీళ్లు తిరిగి రాలేక అక్కడే నిలబడిపోతాయి. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా వేడెక్కుతోంది, పెద్దావిడ ఒక్క స్వెటర్‌కి దిగింది.

అక్క ఇప్పుడు ఆదివారం ఆదివారం బర్నర్ మండుతుండగా నీటి మట్టం కంట్రోల్ కింది వాల్వ్ తెరిచి బురద నీళ్లు బకెట్‌లోకి వదులుతోంది. నీళ్లు తేరుకోవాలి, ఆ సమయంలో బర్నర్ ఠక్కున ఆగాలి. ఆగకపోతే ఆ కంట్రోల్ పనిచేయనట్టే, వెంటనే స్విచ్ ఆపి మనిషిని పిలవాలి. ఎప్పుడు ఎన్ని నీళ్లు పోసిందో గోడకి కట్టిన పుస్తకంలో రాస్తోంది, మా లాగ్ బుక్ లాగే తేదీ వేసి. కార్బన్ మోనాక్సైడ్ అలారం సెల్లార్‌లో ఒకటి, పడకగదుల బయట ఒకటి పెట్టించాను. మిగిలింది పాత పైపుల మీద తెల్లటి పట్టీలా చుట్టి ఉన్న ఆస్బెస్టాస్. అది చెయ్యి పెట్టి పీకేది కాదు, దుమ్ము లేస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం, లైసెన్స్ ఉన్నవాళ్ల చేతే తీయించాలి. చలి తగ్గి బాయిలర్ ఆపాక ఏప్రిల్, మే నెలల్లో వాళ్లని పిలుస్తారు. అది తీశాక పైపులకి అంగుళం మందం ఫైబర్ గ్లాస్ చుట్టించాలి, లేకపోతే చాలా ఆవిరి సెల్లార్‌లోనే నీరైపోతుంది.